జంతికకు రబ్బరు దువ్వెన

ఆ శ్రీరామనవమి నాడు అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని ఆ ఇంట్లో ఎవరెవరున్నారంటే, మడి కట్టుకుని వంటింట్లో పులిహోర కలుపుతున్న చాముండేశ్వరి గారు. ఆవిడ కూతురు, ఇంటావిడ రాగిణి. సోఫాలో లాప్‌టాప్‌తో రాగిణి భర్త రాజీవ్. పానకం ఎప్పుడిస్తారా అని గుమ్మం పట్టుకుని వేలాడుతున్న వాళ్ళ పాప దియ. మేడ మీద గదిలో అద్దెకుండే వసుమతి. కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఉదయ్. ఉదయ్ కాళ్ళ దగ్గర ఒక పగ్ కుక్క. దాని తోక వేయించిన జంతికలా చుట్టుకుపోయి ఉంటుంది కాబట్టి పేరు కూడా జంతికే.

ఆ రోజు జంతికకు పరీక్ష. రాగిణి వారం ముందే తేల్చి చెప్పేసింది.

"చూడు ఉదయ్, పండగ రోజు నా దేవుడి గదిలో ఒక్క డాగ్ హెయిర్ కనిపించినా, నెక్స్ట్ మంత్ నుంచి వేరే ప్లేస్ చూసుకో. అంతే."

ఉదయ్ వెళ్ళిపోతే నీకేంటి అని వసుమతి తనని తాను చాలాసార్లు ప్రశ్నించుకుంది. జవాబు తెలుసు. అది పైకి చెప్పే ధైర్యమే లేదు. ఆఫీస్ మీటింగ్‌లో కూడా నోరు విప్పకుండా చాట్‌లో టైప్ చేసే పిల్ల ఆమె.

అలాంటి పిల్ల, ఉదయ్‌తో మొదటిసారి మాట్లాడినప్పుడు మాత్రం అరిచేసింది.

నెల కిందట ఒక రోజు లాండ్రీ వేయడానికి బేస్‌మెంట్‌కి దిగింది. ఉదయ్ ఇనుప పళ్ళ బ్లేడొకటి పట్టుకుని జంతిక వీపు మీద బరబరా గీస్తున్నాడు. కింద చర్మం ఎర్రబడిపోయింది.

"అది కుక్కా, కొబ్బరి చిప్పా? అలా కోరేస్తున్నారేంటండీ!"

ఉదయ్ ఉలిక్కిపడ్డాడు. "మీకు మాటలొస్తయా? ఇన్ని రోజుల నుంచి తల ఊపుడే చూసిన!"

"ముందు దాన్ని వదలండి."

"బొచ్చు రాలుడు, గదే షెడ్డింగ్, తగ్గుతదని డబ్బా మీద రాసుంది గదా అండీ."

"ఆ డబ్బా మీద కుక్క బొమ్మ చూశారా? గొర్రెలా ఎంత బొచ్చుందో! దీనికి అంత బొచ్చెక్కడుంది?"

ఉదయ్ డబ్బా తిప్పి చూశాడు. తర్వాత జంతికను చూశాడు. "నిజమే" అన్నాడు బుద్ధిమంతుడిలా.

మర్నాడు ఇద్దరూ పెట్ షాప్‌కి వెళ్ళారు. వసుమతి అక్కడున్న ప్రతి దువ్వెననూ ముందు తన చేతి మీద గీసుకుని చూసింది. పొడుగు పళ్ళది జారిపోయింది. సన్న తీగల బ్రష్ గుచ్చుకుంది. చివరికి అరచేతికి తొడుక్కునే రబ్బరు దువ్వెన దొరికింది. దాని నిండా మెత్తటి బుడిపెలు.

"ఇది బాగుంది. నలుగు పెట్టినట్టుంది."

"ఏదీ, నా చెయ్యి మీద గూడ చూడండి."

"మీకు షెడ్డింగ్ లేదు కదా."

"దువ్వెన పట్టినప్పుడల్లా నాకు గూడ రాలుతున్నయండీ!"

వసుమతి నవ్వాపుకోలేక పక్క వరుసలోకి వెళ్ళిపోయింది.

ఆ రబ్బరు దువ్వెనతో ముందు గుండ్రంగా రుద్దాలి. లోపల ఊడిపోయి చిక్కుకున్న వెంట్రుకలు పైకి వస్తాయి. తర్వాత బొచ్చు వాలిన వైపే దువ్వి, చివర్లో తడిబట్టతో తుడిచెయ్యాలి. ఇదంతా ఇద్దరూ కలిసి, తప్పులు చేస్తూ నేర్చుకున్నారు. రోజూ సాయంత్రం పెరట్లో గడ్డి మీద ఆ పని సాగేది. వసుమతి చెయ్యి తగిలితే చాలు, జంతిక ఆమె ఒళ్ళోకి ఒరిగి గురక పెట్టేది. ఉదయ్ ఆ గురక వింటూ ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. వెంట్రుకలు ఆమె నల్ల స్వెటర్‌కి పట్టుకునేవి. పొట్టి వెంట్రుకలు మహా మొండివి. సూదుల్లా దిగిపోతాయి, ఉతికినా రావు. ఆమె వాటిని తీసే ప్రయత్నం కూడా పెద్దగా చెయ్యలేదు.

ఇక పండగ పొద్దున్నే వాన. మామూలు వాన కాదు, ఎదురింటి కారు కూడా కనపడనంత వాన. పెరట్లోకి వెళ్ళే వీల్లేదు. పరీక్ష రోజు కదా అని వసుమతి బేస్‌మెంట్‌లోనే, ఇల్లంతటికీ గొట్టాల్లో వేడిగాలి పంపే హీటర్ పక్కన కూర్చుని, కుక్కను మరీ శ్రద్ధగా దువ్వింది. గాల్లోకి లేచిన వెంట్రుకలు ఎటు పోతున్నాయో చూసుకోలేదు.

అవి హీటర్ గాలితో గొట్టాల్లోకి పోయి, తిన్నగా దేవుడి గదిలో తేలాయి.

"ఉదయ్!"

రాగిణి కేకకి ఇల్లంతా అక్కడికి చేరింది. వడపప్పు గిన్నెలో, పానకం మీద, రాములవారి పటం దండ మీద గోధుమ రంగు వెంట్రుకలు.

"నేనేం చెప్పాను నీకు?"

ఉదయ్ తల వంచుకున్నాడు. "తప్పు నాదే అక్కా. ఈ నెలాఖరుకి ఖాళీ చేస్త."

వసుమతి ఒక అడుగు ముందుకు వేసింది. ఇక్కడ టైప్ చెయ్యడానికి చాట్ లేదు.

"ఆయన కాదక్కా. నేనే దువ్వాను."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నువ్వా? ఆ కుక్కతో నీకేం పని?"

"అది వెంట్రుకలు రాలిస్తే ఆయన్ని పంపించేస్తానన్నారు కదా. అందుకని."

"పంపించేస్తే?"

"నాకు బాగుండదక్కా."

అంతే చెప్పగలిగింది. కళ్ళు నేలకి వాలిపోయాయి. ఉదయ్ మాత్రం మొదటిసారి జోకు మర్చిపోయి నిలబడిపోయాడు.

"నాకు గూడ బాగుండదు" అన్నాడు మెల్లగా. "చెబుదామని రోజూ అనుకునేటోణ్ణి. మీరు నవ్వంగనే మర్చిపోయేటోణ్ణి."

"ఓ మై గాడ్, వసు ఆంటీ ఫేస్ ఫుల్ రెడ్!" అంది దియ.

రాగిణికి కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియలేదు. మధ్యలో దొరికిన భర్త మీదకి తిరిగింది. "రాజీవ్, ఈ దుమ్మూ వెంట్రుకలూ ఆపాల్సిన హీటర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చావ్?"

"ఫిల్టరా? దానికి ఫిల్టర్ కూడా ఉంటుందా?"

"ఇల్లు కొన్నప్పటి నుంచీ మార్చలేదా!"

వంటింట్లోంచి చాముండేశ్వరి గారు గరిటెతోనే బయటికి వచ్చారు. "ఇంక చాల్లే రాగిణీ. అల్లుడుగారు ఫిల్టర్ తెస్తారు. నేను వడపప్పు మళ్ళీ నానబోస్తాను. నెల నుంచీ ఈ పిల్ల స్వెటర్ నిండా ఆ వెంట్రుకలే. బల్లిని చూస్తే కెవ్వుమనే పిల్ల, కుక్క కోసమే రోజూ కిందికి దిగుతోందంటే నేను నమ్ముతానా?"

రాగిణి నిట్టూర్చింది. "సరే. ఇకనుంచి దువ్వడం గరాజ్‌లో మాత్రమే. అర్థమైందా ఉదయ్?"

"అయింది అక్కా. బాగా అయింది!"

వసుమతికి ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చాముండేశ్వరి గారి చెయ్యి పట్టుకోబోయింది.

"ఆగు, ఆగు! తాకకు, మడి!" ఆవిడ గరిటె అడ్డం పెట్టారు. గరాజ్ తలుపు తీసి, మెట్టు మీద రెండు పేపర్ ప్లేట్లలో పులిహోర పెట్టారు. "నడవండి, ముగ్గురూ."

ఎత్తి ఉన్న గరాజ్ షట్టర్ అవతల వాన ఇంకా కురుస్తోంది. జంతిక అందరికంటే ముందు దూకింది. ఉదయ్ జేబులోంచి రబ్బరు దువ్వెన తీసి వసుమతికి అందించాడు. ఈసారి ఇద్దరూ దాన్ని వెంటనే వదల్లేదు.

"దీని వెంట్రుకలు రాలడం అయిపోయేదాకా లోపలికి రాకండి" అన్నారు చాముండేశ్వరి గారు.

వసుమతి గభాలున వెనక్కి తిరిగింది. "అమ్మమ్మ గారూ, అవి ఎప్పటికీ అయిపోవు!"

"నాకు తెలుసులేవే" అని, ఆవిడ ఆమె ముఖం మీదే తలుపు వేసేశారు.