వరసలో సొట్ట బిందె

ఒంటిపూట బడి వదిలారు. షహనాజ్ పుస్తకాల సంచీ మూలకు విసిరి, నాన్న కాలేషా షెడ్డుకు పరుగెత్తింది. మాచర్ల రోడ్డులో సాగర్ కాలవ పక్కనే ఆ లారీల షెడ్డు. షెడ్డులో అన్నీ చెడ్డ బళ్లే! చెడకపోతే షెడ్డుకెందుకొస్తాయి?

ఆ రోజుల్లో లారీలకి కూడా ముద్దుమొహాలుండేవి. ముక్కు ముందుకొచ్చి, బుగ్గల మీద పూలబొమ్మలు. రేడియోలో పాట ఆగితే కాలేషా చేతిలో పానా ఆగేది.

"బేటీ, ఈ బేరింగులు కిరసనాయిల్లో కడుగు. మడ్డి షెడ్డెనక గుంటలో పొయ్యి," అన్నాడు.

అంత ఎండలో గుంటదాకా ఎవరు పోతారు? కాలవకు నీళ్లు ఆపేసిన కాలం. అడుగున సన్నటి పాయ ఒక్కటే పారుతోంది. షహనాజ్ గట్టు దిగి మడ్డి అందులో కుమ్మరించింది. నీళ్ల మీద ఊదా, పచ్చ, నీలం! ఆ రంగుల్ని పుల్లతో దిగువకు తోలింది.

పొద్దు వాలాక, నేస్తం హనుమాయమ్మతో తొక్కుడుబిళ్ల ఆడటానికి క్వారీపేటకు పోయింది. పేట కాలవ దిగువన. అక్కడ కొళాయి లేదు, బోరింగు లేదు. పాయకు ఇసక అడ్డం కట్టి, నిలిచిన నీళ్లే గుడ్డతో వడగట్టుకునేవాళ్లు.

హనుమాయమ్మ తల్లి మస్తానమ్మ అప్పుడే క్వారీ నుంచి వచ్చింది. ఒళ్లంతా రాతిదుమ్ము. బిందెలో చెంబు ముంచి నోట్లో పోసుకుని, తుపుక్కున ఊసింది.

"కిరసనాయిలు కంపు! ఏ లారీవోడో కాలవలో కడిగి చచ్చాడు!"

బిందెడు నీళ్లూ వాకిట్లో పారబోసింది.

"మళ్లీ తేటపడేసరికి చీకటి పడుద్ది. వంటెట్టమ్మా?" అంది హనుమాయమ్మ.

"వంట సంగతి తర్వాతే. ముందు గొంతు తడవాలిగా!"

షహనాజ్ నీళ్లు నమిలింది. ఆ ఇంట్లో మిగిలిన నీళ్లు అవే మరి!

"లారీవోడు కాదు పిన్నీ... నేనే."

మస్తానమ్మ కళ్లెర్రజేసింది. "మీ వీధిలో బోరింగుందిగదే! మాకీ పాయే దిక్కు."

"అయితే బోరింగుకే రండి పిన్నీ."

"రానిస్తేగా! పేటోళ్ల బిందె పెడితే పక్కకి తన్నేస్తారు."

షహనాజ్ ఖాళీ బిందె చంకనెత్తుకుంది. "హనుమాయీ, రావే!"

ఆ రోజుల్లో బోరింగు ఎంత కొట్టినా బోరు కొట్టేది కాదు. బిందెలు వరసలో, కబుర్లు వరసాపాడూ లేకుండా. షహనాజ్ వాళ్లింటి బిందె అప్పటికే ముందుకొచ్చి ఉంది. తెచ్చిన బిందె దాని పక్కన పెట్టగానే పక్కింటి రాఘవమ్మ అరిచింది.

"ఏమే, ఆ సొట్టబిందె ఎవరిది? పేటోళ్లదా? తియ్యి అవతలికి! వాళ్లకి కాలవుందిగా!"

"కాలవ నీళ్లు నేను పాడుచేశా పెద్దమ్మా."

"చేస్తే? వంతు మాది గానీ వాళ్లదా?"

"మీది కాదు, మాది."

షహనాజ్ తమ ఇంటి బిందె తీసుకెళ్లి వరస చివర పెట్టింది. సొట్టబిందెను బోరింగు మూతి కిందకు జరిపింది. కాళ్లు నేలకందకుండా హ్యాండిలు పట్టుకుని వేలాడింది.

"ముందు దోసిలి పట్టవే హనుమాయీ!"