సెలవు అడగని రాయి

అసురసంధ్య వేళ! ఈపూరు శివారు కొండ మీద మేఘం భీకరంగా గర్జించింది. గుడ్లగూబ వికృతంగా అరిచింది... కొండ కింద రేకుల షెడ్డులో హోమగుండం, గుండం పక్కన కపాలం, దాని ఎదుట జుట్టు విరబోసుకుని ఊగిపోతున్న అంకమ్మ! నెల్లాళ్లుగా ఆమె గొంతులో పలుకుతున్నది ఆమె కాదు.

చెల్లెలు యశోద ఓ మూల కూర్చుని చూస్తోంది. భయపడాలని తెలుసు. భయమే రావడం లేదు. ఏడ్చి ఏడ్చి ఆమె మనసు మొద్దుబారిపోయింది.

గుండం అవతల మాంత్రికుడు ఉపేంద్ర. అతడే వాళ్ల పొలం గట్టు మీద, గుర్రమెక్కి బల్లెం పట్టిన బొమ్మ చెక్కి ఉన్న వీరుడి రాయిని పెకలించి విదేశాలకు అమ్మేశాడు. అది కళ్లారా చూసిన పాపానికి అంకమ్మలోకి క్షుద్రశక్తిని ప్రవేశపెట్టాడు. చీకటి పడగానే ఆమె ప్రాణం బలి!

"అక్కను ఒదిలెయ్ రా... నీకు పున్నెముంటది."

"నన్ను చూసిన కళ్లు మూతబడాల్సిందే!"

అంతలో యశోద ఫోన్ మోగింది. అంకమ్మ కూతురు లిఖిత వీడియో కాల్. బొమ్మలు గీయడం నేర్పే కాలేజీ వాళ్లతో కలిసి అమెరికాలోని సవానా నగరం చూడటానికి వెళ్లింది.

"తియ్యి! తల్లికి చివరిచూపు!" అంటూ ఉపేంద్ర వికటాట్టహాసం చేశాడు.

తెర మీద అక్కడి ఉదయం. ఎర్రిటుకల పాత మేడలు, కొమ్మలకు నాచు వేలాడే చెట్లు. లిఖిత సంబరంగా ఓ చిత్రశాలలోకి నడిచింది... ఠక్కున ఆగింది.

"పిన్నీ! మన గట్టు మీది వీరుడు! అమ్మ రాసిన పసుపు కూడా పోలా. ఇక్కడికెట్టా వచ్చాడు?"

"ఏడు సముద్రాలు దాటించా! ఇంకేం చేస్తాడు?" ఉపేంద్ర పకపకా నవ్వాడు.

యశోదకు అప్పుడు తట్టింది. వీరుడి రాయిని కదిలించాలంటే పొంగలి పెట్టి సెలవు అడగాలి. అడగకపోతే ఎక్కడున్నా ఆ ఇంటికి ఆయన కాపలా తీరదు. దొంగకు రాయి బరువే తెలుసు, ఆనవాయితీ తెలియదు.

"లిఖితా! ఏరువాకనాడు మీ అమ్మ పిలిచినట్టే నీళ్లు పోసి పిలువు!"

"ఏంది పిన్నీ, ఇక్కడ ముట్టుకోనియ్యరు..."

"పొయ్యవే! మీ అమ్మ చచ్చిపోతది!"

సీసాలో నీళ్లు రాతి మీద పడ్డాయి. "ఈపూరు అంకమ్మ పిలుస్తోంది... రావయ్యా వీరా!"

ఫెళ్లున పిడుగు! షెడ్డు చుట్టూ గుర్రపు డెక్కల చప్పుడు! కపాలం ముక్కలైంది. "వద్దు... వద్దు!" ఉపేంద్ర ఎదుట ఎవరూ లేరు. అయినా అతడి ఛాతీలో బల్లెం దిగినంత గాయం! అరుస్తూనే గుండంలో కూలిపోయాడు.

"యశోదా... దప్పికే," అంది అంకమ్మ, తన గొంతుతోనే.

యశోద చెంబు అందించింది. సంతోషం రావాలి, ఇంకా రాలేదు.

"పిన్నీ," లిఖిత ఫోన్‌ను రాతి వైపు తిప్పింది. "నేను పోసింది నీళ్లే. వీరుడి బల్లెం మొన నుంచి ఎర్రగా కారుతుందేంది?"

"తుడవమాకమ్మా," అంది యశోద. అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది.