దాన్‌యాంగ్ గంట

"గంటని ఈరోజే ఎత్తుకుపోతారు," అన్నాడు పురాతన వస్తువుల దొంగల్ని పట్టే రహస్య దళం చీఫ్ థాన్, నువ్వుల ముద్ద కలిపిన వేడి నూడుల్స్ నిలబడే జుర్రుకుంటూ.

హూబే కొండల్లోని ఆ ఊళ్ళో పొద్దున్నే అందరూ వీధిలో నిలబడే తింటారు. రహస్యం చెప్పుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

సూవెన్ తన గిన్నె ముట్టుకోలేదు. "అక్కడ కాపలా పెట్టిన మన హాన్ ఏమయ్యాడు?"

"తవ్వకం గుంటలో శవమై దొరికాడు. ఇక నువ్వే."

మూడు వేల ఏళ్ల కిందటి చూ రాజ్యానికి తొలి రాజధాని దాన్‌యాంగ్. అదెక్కడుందో ఎవరూ తేల్చలేదు. ఈ లోయలోనే అని ప్రొఫెసర్ గూ మట్టికోట పునాది తవ్వి చూపించినా డ్యామ్ కమిటీ నమ్మలేదు. మొన్న కంచుగంట బయటపడింది. దానిమీద ఆ నగరం పేరు చెక్కి ఉంది. ఫొటోలు చాలవు, గంటే కావాలంది కమిటీ. అది సాయంత్రంలోగా చేరకపోతే కొత్త డ్యామ్ గేట్లు దించేస్తారు. దాన్‌యాంగ్ నీళ్ళపాలే.

"గంటని ప్లాస్టర్ దిమ్మలో పెట్టి పంపుతారు కదా, విదేశీ ముఠా అచ్చం అలాంటి దిమ్మ ఇంకోటి చేయించి పెట్టుకుంది," అన్నాడు చీఫ్. "టీవీ యాంకర్ లూ మాన్‌లీ వాళ్ళలో ఉంటూ మనకి పనిచేస్తోంది. దిమ్మ మారితే ఆమె సిగ్నల్ ఇస్తుంది. ఇదిగో లిప్‌స్టిక్. దిమ్మకి ఆనిస్తే లోపల ఏముందో ఫోన్‌లో కనిపిస్తుంది. ఇంతకీ పాపకి జ్వరం?"

"రాత్రంతా ఒళ్ళు కాలిపోయింది సార్. అత్తయ్య దగ్గర వదిలొచ్చాను."

కుండపెంకులు అతికే అమ్మాయి వేషంలో సూవెన్ తవ్వకంలో చేరింది. గంట పెళుసుబారింది. చేత్తో ఎత్తితే పొడైపోతుంది. అందుకని చుట్టూ మట్టితో సహా కోసి, తడిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టర్ పోశారు. ప్లాస్టర్ కలిపింది సూవెనే. గంగాళమంత తెల్లదిమ్మ తయారైంది. ఉత్తరం ఎటో తెలియడానికి ప్రొఫెసర్ గూ దానిమీద ఎర్రబాణం గీశాడు.

"మెల్లగా తల్లీ, ముప్ఫై ఏళ్ళ నా బతుకది," అన్నాడు.

దిమ్మని లారీ ఎక్కించారో లేదో షెడ్డులో పొగ లేచింది. "మంటలు!" అంటూ అందరూ అటు పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి లారీలో దిమ్మ ఉంది. బాణమూ ఉంది.

సూవెన్ లారీతో ఏటిరేవు చేరగానే ఎర్రకోటు, హైహీల్స్‌తో మాన్‌లీ ఎదురొచ్చింది. "కమలాలు తీపిగా ఉన్నాయా?" అంది. కోడ్ అదే.

"గింజలెక్కువ," అంది సూవెన్.

"నిశ్చింతగా వెళ్ళు చెల్లీ. దిమ్మ మారకుండా చూశాను. నీ లారీలోదే అసలుది."

అయినా సూవెన్ లిప్‌స్టిక్ ఆనించి చూసింది. ఫోన్‌లో నలుపు తప్ప ఏమీ లేదు. రేవులో లారీలు దాటించే పడవ హారన్ మోగింది. దానిమీద ఓ కమలాల లారీ. తవ్వకం వైపు నుంచి వీళ్ళకన్నా ముందొచ్చింది అదొక్కటే.

ఏం చేయాలో తోచక దిమ్మమీద ఎడమ చెయ్యి వేసింది, పాప నుదుటిమీద వేసినట్టే.

చల్లగా ఉంది.

 కొత్తగా పోసిన ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు ఒళ్ళు కాలినట్టు వేడెక్కుతుంది. ఇందాకే పోసిన దిమ్మ ఇంత చల్లగా ఎలా ఉంటుంది? ఇది నిన్ననో మొన్ననో చేసి ఆరబెట్టింది!

పడవ రేవు వదిలింది. "మాన్‌లీని పట్టుకోండి!" అని రేవులో ఉన్న చీఫ్ మనుషులకి అరిచి, సూవెన్ పరిగెత్తి దానిమీదికి దూకింది. కమలాల లారీ డ్రైవర్ పిస్టల్ తీశాడు. ఆమె ఏప్రన్ జేబులోని ప్లాస్టర్ పొడి పిడికెడు తీసి వాడి కళ్ళల్లో కొట్టింది. తూటా గాల్లోకి పోయింది. పిస్టల్ లాక్కుని, కమలాల కిందికి చెయ్యి దూర్చింది.

వెచ్చగా తగిలింది.

"పడవ వెనక్కి తిప్పు మామా!" అని సరంగు మీద అరిచింది.

రేవులో చీఫ్ మనుషులు మాన్‌లీని పట్టుకుని ఉన్నారు. "లిప్‌స్టిక్‌ని నిన్ననే పాడుచేశానే! ఎలా కనిపెట్టావ్?" అందామె పళ్ళు కొరుకుతూ.

"జ్వరం చూశానక్కా."

దిమ్మని మళ్ళీ లారీ ఎక్కిస్తుంటే ప్రొఫెసర్ గూ దాన్ని తడుముతూ పక్కనే కూలబడ్డాడు. సాయంత్రం డ్యామ్ గేట్లు దిగలేదు.

సూవెన్ ఇంటికి ఫోన్ చేసింది.

"తగ్గిందమ్మా. ఇప్పుడే చెయ్యి వేసి చూశా, చల్లగా ఉంది," అంది అత్తగారు.

 చీఫ్ థాన్ గొంతు సవరించుకున్నాడు. "రిపోర్టులో ఏ పరికరం వాడావని రాయను?"

"ఎడమ చెయ్యి అని రాయండి సార్," అంది సూవెన్. "మా అత్తయ్య దగ్గర పాత మోడల్ ఉంది. బాగానే పనిచేస్తోంది."