టిబ్బోల తొలి చేప

"అది నా కాలు. తొక్కడానికి హాలంతా ఖాళీగానే ఉంది!" అంది డాఫ్నీ.

"ఖాళీ ఉంది గానీ, అక్కడ నువ్వు లేవుగా" అన్నాడు తొక్కినవాడు, అకార్డియన్ హోరు మధ్య ఆడుతూనే.

నవ్వాపుకుని, కెనడా తీరాన న్యూఫౌండ్లాండ్ రేవుల్లో కొత్త మొహం కనబడితే ఎవరైనా అడిగేదే తనూ అడిగింది. "ఇంతకీ ఎవరి తాలూకు నువ్వు?"

"అవతలి రేవు ఎలీ టిబ్బో మనవణ్ణి. లియాండర్."

 డాఫ్నీ ఇంటి పేరూ టిబ్బోయే.

అయినా ఆ రాత్రి ప్రతి పాటకీ ఇద్దరూ కలిసే ఆడారు. ఆ తరువాత పొగమంచు పట్టినప్పుడల్లా లియాండర్ పడవ దారి తప్పేది. తప్పి, సరిగ్గా ఈ రేవుకే వచ్చేది.

సంగతి నానమ్మ వెర్నా చెవిన పడింది.

"ఒకే ఇంటి పేరే! అన్నాచెల్లెళ్ల వరసవుతారు. చర్చి పాదిరి ముందు నన్ను తల దించుకోమంటావా?"

"చుట్టరికం ఎక్కడ కలిసిందో చెప్పు నానమ్మా!"

"తెలీదు. తెలీనంత మాత్రాన లేకుండా పోతుందా?"

డాఫ్నీ ఏడ్చింది. కలవడం మానేసింది.

చేపల వేట మొదలైన రోజున, ఏటా వచ్చినట్టే ఎలీ తాత వచ్చాడు. తనకి పడ్డ తొలి చేపని డాఫ్నీ వాళ్ల గేటుకి తగిలించి వెనుదిరిగాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, డాఫ్నీకి ఆ రోజు వింతగా తోచింది.

"నానమ్మా, బాబాయింట్లో చేపలుంటే మనమేం చేస్తాం?"

"పోయి తెచ్చుకుంటాం. మనవాళ్లేగా."

"మరి ఈయన తెచ్చిచ్చి, గడప తొక్కకుండా పోతాడేం? చుట్టాలెవరైనా ఇలా చేస్తారా?"

వెర్నా గుమ్మంలోకి వచ్చి గేటు వైపు చూసింది. డాఫ్నీ పరుగున వెళ్లి ముసలాయన్ని ఆపి, అదే అడిగింది. పడవలోంచి లియాండర్ కూడా దిగి వచ్చాడు.

ఎలీ తాత టోపీ తీశాడు. "చుట్టాలం కాదమ్మా. మా తాతకి తాత ఓడ పగిలి ఇక్కడ ఒడ్డున పడ్డాడు. భాష రాదు, నా అన్నవాళ్లు లేరు. మీవాళ్లే ఇంటికి మోసుకొచ్చి, పొయ్యి పక్కన పడుకోబెట్టి బతికించారు. పాదిరి పేరడిగితే ఆయనకి చెప్పడం రాలేదు. మీ పెద్దాయన 'టిబ్బో అని రాయండి, మావాడే' అన్నాడట. ఆ పేరుతోనే మేం మనుషుల్లో కలిశాం. అందుకే తొలి చేప మీది."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?" అంది వెర్నా.

"మీకు తెలుసనుకున్నాం. మేలు చేసినవాళ్లు మర్చిపోతారని మాకేం తెలుసు?"

లియాండర్ వెర్నా ముందుకొచ్చాడు. "పేరు ఎప్పుడో ఇచ్చారు. ఇప్పుడు పిల్లని కూడా అడగాలంటే సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నా."

వెర్నా కళ్లు తుడుచుకుని, గేటుకున్న చేపని తీసి అతని చేతిలో పెట్టింది. అతని మొహం పాలిపోయింది.

"తిప్పి పంపట్లేదురా! లోపలికొచ్చి శుభ్రం చెయ్యి. మా ఇంటి మగాళ్లు ఊరికే తినరు."

డాఫ్నీ తలుపు బార్లా తెరిచింది. వెర్నా పొయ్యి పక్కనున్న కుర్చీ చూపించింది. ఎలీ తాత టోపీ చేత్తో పట్టుకుని ఆ పొయ్యి ముందు కాసేపు నిలబడి, అప్పుడు కూర్చున్నాడు.