తుకారాం హాజరు

మ్యాన్‌హోల్‌లో శవం బోర్లా పడి ఉంది.

మోకాలి లోతు నీళ్లు. ఎర్రమట్టి కలిసి చిక్కగా ఉన్నాయి. ఇనుప మూత సగం పక్కకు జరిపి ఉంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శాలిని అంచున కూర్చుని లోపలికి టార్చి వేసింది. తల వెనక గాయం. పడేటప్పుడు గోడ తగిలిందనుకోవచ్చు. అనుకోకపోనూ వచ్చు.

"ఎవరు?"

"తుకారాం, మేడం," అన్నాడు సైట్ సూపర్‌వైజర్ శంకరప్ప. "ఈ పని కాంట్రాక్టర్ ఆయననే."

అరిగిపోయిన రబ్బరు చెప్పు ఒకటి నీళ్లమీద తేలుతోంది. బీదర్ పాత ఊళ్లో సగం గల్లీలకు డ్రైనేజి వేస్తున్న కాంట్రాక్టర్ చెప్పు అది.

"ఆఖరిసారి ఎప్పుడు చూసినవ్?"

"పొద్దుగాల. మిషిన్ మీద బొటనవేలు పెట్టిండు. మ్యాన్‌హోల్ చూసొస్త అని ఇటు దిక్కు వచ్చిండు. నేను పైపులు చూసుకుంట ఉన్న. మళ్ల కనబడలే."

"ఇంకెవరన్న చూసిండ్రా?"

"అప్పటికి కూలోళ్లు రాలే మేడం. నేనొక్కన్నే ఉన్న."

హెడ్ కానిస్టేబుల్ మోసెస్ ఆమెను కంటైనర్ ఆఫీసులోకి తీసుకెళ్లాడు. గోడకు చిన్న నల్లటి పెట్టె. తెరమీద ఆ రోజు రికార్డు.

తుకారాం. హాజరు. 8:05.

పైపులు అమర్చేవాళ్లకు శవం కనిపించింది పదకొండింటికి. మధ్యలో మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఏం జరిగిందన్నదే ప్రశ్న అనుకుంది శాలిని. మిషిన్‌కు సీల్ వేయించింది.

పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ చేతులు కడుక్కుంటూ తల అడ్డంగా ఊపాడు.

"చల్లటి నీళ్లలో ఉన్నాడు. రాత్రి చచ్చిపోయాడో పొద్దున చచ్చిపోయాడో గట్టిగా చెప్పలేను. మీకు మిషిన్ టైం ఉంది కదా. దాన్నే పట్టుకోండి."

అందరూ దాన్నే పట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఒక మహిళా ఇంజనీరు స్టేషన్‌కు వచ్చింది. పేరు సుప్రీత. నగరంలో రిజర్వేషన్ కింద ఇచ్చిన పనుల తనిఖీ ఆమెది. కూర్చోబోతూ మళ్లీ లేచి, తలుపు తనే మూసింది.

"ఆ డ్రైనేజి పని ఎస్సీ కాంట్రాక్టర్లకు రిజర్వ్ చేసింది, మేడం. తీసుకున్న మనిషి స్వయంగా చెయ్యాలె. పేరు ఒకరిది, పని ఇంకొకరిది అయితే కాంట్రాక్టు రద్దు. కేసు కూడా. అందుకే సైట్‌కో మిషిన్ పెట్టించినం."

"తుకారాం మిషిన్ ఎట్ల ఉంది?"

"అంత మంచి రికార్డు ఇంకెవరికీ లేదు. ఒక్కరోజు తప్పలే. మిషిన్ ఒక్కసారి కూడా ఆయన వేలు తిరగ్గొట్టలే."

"మరి ఎందుకొచ్చిండ్రు?"

సుప్రీత గొంతు తగ్గించింది. "నిన్న నాకు ఫోన్ చేసిండు. 'రేపు మీ ఆఫీసుకొస్త. ఈ పని నాది కాదు, ఎవరిదో చెప్త' అన్నడు. పొద్దటినుంచి ఎదురుచూసిన. రాలే."

పని ఎవరిదో తెలుసుకోవడం కష్టం కాలేదు. సైట్‌లో సిమెంటు, పైపులు, జేసీబీ, చివరికి శంకరప్ప జీతం, అన్నీ గంజ్ బజారులో హోల్‌సేల్ సిమెంటు వ్యాపారి విజయేందర్ దగ్గరికే దారి తీశాయి. తుకారాం ఆయన దుకాణంలో బస్తాలు మోసే హమాలీ.

విజయేందర్ ఆమెకు కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు.

"తుకారాం మీకేమైతడు?"

"నా దగ్గర సామాను తీసుకునేటోడు. మంచి గిరాకి."

"మీ హమాలీ అట గదా?"

"ఒకప్పుడు. కష్టపడి పైకొచ్చిండు. సర్కార్ మౌకా ఇచ్చింది. మనమంత ఖుషీ కావాలె గదా, మేడం."

"నిన్న పొద్దున మీరెక్కడున్నరు?"

"తెల్లారకముందే హళ్ళిఖేడ్ పోయిన. చుట్టాలింట్ల పెండ్లి. ఫొటోలున్నయ్, వీడియో ఉంది. వడ్డన కూడా నేనే చేసిన."

ఆమె సాక్ష్యం అడగలేదు. అతను అడక్కముందే తెచ్చి ముందు పెట్టాడు. లేచేటప్పుడు మెల్లిగా అన్నాడు. "పాపం, కాశీబాయి ఒక్కతే ఉన్నది. మా పిల్లగాళ్లకు చెప్పిన, ఇంటి దిక్కు ఒక కన్నేసి ఉంచుమని."

ఆ మాట శాలినికి జీపులో కూడా చెవిలోనే ఉండిపోయింది.

హళ్ళిఖేడ్ పెళ్లి నిజమే. మోసెస్ వెళ్లి కనుక్కుని వచ్చాడు. సూర్యోదయం నుంచి కబురు వెళ్లేదాకా విజయేందర్ అక్కడే ఉన్నాడు.

మర్నాడు తుకారాం భార్య కాశీబాయి స్టేషన్‌కు వచ్చింది. లోపలికి వచ్చేముందు రెండుసార్లు వెనక్కి చూసింది. రోడ్డు అవతల ఇద్దరు మనుషులు మోటార్‌సైకిల్ మీద కూర్చుని ఉన్నారు. మోసెస్ వాళ్లవైపు నడిచేసరికి బండి కదిలింది.

"మొన్న మీరు ఇంట్లకెళ్లి తీసుకపోయిన ఆయన ఫోను ఇస్తరా, అమ్మా?" అంది కాశీబాయి. "రేషన్ బియ్యం తెచ్చుకోవాలె. ఓటీపీ దాంట్లకే వస్తది."

"ఓటీపీ ఎందుకక్కా? నీ వేలు పెట్టొచ్చు గదా."

"నాది పడదు. ఆయనది అసలే పడకపోయేది. ఇటుకబట్టీల పెరిగినోళ్లం, ఆ తర్వాత ఆయనకు సిమెంటు. చేతులు నున్నగైపోయినయ్. ఆధార్ కాడ కూడా కండ్లే చూసి చేసిండ్రు."

శాలిని రాస్తున్న పెన్ను కింద పెట్టింది. లేచి వెళ్లి కాశీబాయి పక్కన బెంచీమీద కూర్చుంది.

"సైట్‌కు రోజూ పోయేటోడా?"

"ఏ సైట్? మొన్నటిదాకా అదేడుందో ఆయనకు తెల్వదు. జగదేవి అని ఒకామె మా ఇంటి ముందట నిలబడి శాపాలు పెట్టింది. కందకం కూలి ఆమె మొగని కాళ్లు పోయినయట. 'నీ పేరు మీద పని, నీ మట్టి కిందనే నా మొగడు పడ్డడు' అన్నది. ఆయన పోయి ఆ కందకం చూసొచ్చిండు. రాత్రి అన్నం ముట్టలే. 'నేను తవ్వని గుంత నా పేరు మీద ఉంది' అన్నడు. తెల్లారి, ఇగ నా పేరు వాడొద్దని దుకాణం మాలిక్‌తోని చెప్పొస్తనని పొద్దుగూకంగ పోయిండు. ఇగ రాలే. మొన్న పోలీసులొచ్చినప్పుడు మాలిక్ మనుషులు వాకిట్లనే ఉండిరి, చెప్పలేకపోయిన."

శాలిని ఫోను ఇప్పించింది. కాశీబాయిని ఇంటికి పంపకుండా, ఒక మహిళా కానిస్టేబుల్‌ను తోడిచ్చి శాలిని తన సొంత అక్క దీనా ఇంటికి పంపింది.

మధ్యాహ్నం అందరూ కంటైనర్ ఆఫీసులో ఉన్నారు. విజయేందర్ తెల్లచొక్కాలో. శంకరప్ప తలుపు దగ్గర. సుప్రీత మిషిన్ పక్కన. మోసెస్ సీల్ విప్పాడు. బయట జేసీబీ చప్పుడు ఆపించారు. రేకుల కింద వేడి కమ్ముకుంది.

"చిన్న పని," అంది శాలిని. "అందరూ ఒకసారి కుడి బొటనవేలు పెట్టండి."

మోసెస్ పెట్టాడు. ఎర్రలైటు వెలిగింది. మిషిన్‌లోంచి ఆడగొంతు కన్నడంలో మళ్లీ పెట్టమంది.

"ఇదేం తమాషా, మేడం?" విజయేందర్ నవ్వుతూ వేలు పెట్టాడు. ఎర్రలైటు. మళ్లీ పెట్టమంది. అతని నవ్వు అలాగే ఉంది.

"శంకరప్పా."

శంకరప్ప ఎడమ చెయ్యి చాపాడు.

"కుడి చెయ్యి."

"దానికి సిమెంటు అంటింది మేడం."

"తుడుచుకో."

అతను విజయేందర్ వైపు చూశాడు. విజయేందర్ కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. శంకరప్ప చొక్కాకు వేలు తుడుచుకుని అద్దం మీద ఆనించాడు.

పచ్చలైటు.

"తుకారాం," అంది మిషిన్. "హాజరు."

మూడు రోజుల కింద చనిపోయిన మనిషి హాజరు ఆ ఇరుకు గదిలో అందరికీ వినబడింది.

"తుకారాం వేలు ఏ మిషిన్ మీదా పడదు," అంది శాలిని. "బియ్యం దుకాణంలో పడలేదు, ఆధార్ దగ్గర పడలేదు. ఇక్కడ మాత్రం ఒక్కరోజు తప్పలేదు. అంత మంచి రికార్డు చూసే అనుమానపడాల్సింది. ఎనిమిదింటికి బతికున్నాడని మనకు చెప్పింది ఈ మిషిన్, శంకరప్ప. ఇద్దరిదీ ఒకటే అబద్ధం. అది తీసేస్తే తుకారాం ఆఖరున బతికున్నది ముందటి సాయంత్రం. అప్పటికి పెండ్లి లేదు, వీడియో లేదు. మీరు బీదర్‌లోనే ఉన్నరు, విజయేందర్ గారూ."

శంకరప్ప అద్దం మీంచి వేలు తీసి, విజయేందర్‌కు ఎడంగా జరిగాడు.

"మొదటిరోజు నుంచి నా వేలే మేడం. మాలిక్ పెట్టించిండు. ఆ సాయంత్రం తుకారాం ఈడికే వచ్చిండు. నేను ఇంటికి పోయేటప్పుడు వాళ్లిద్దరే ఉన్నరు. తెల్లారి మాలిక్ ఫోన్ చేసిండు. 'ఇయ్యాల వేలు పెట్టుడు మర్సిపోకు' అన్నడు. ఎన్నడు అట్ల చెయ్యలే. పైపులోళ్లు కేక పెడితే పోయి చూసిన. అప్పుడు సమజైంది."

"మరి చెప్పలేదేం?"

"ఆ వేలు నాది గదా. నన్నెవరు నమ్ముతరు?"

"పిచ్చోడు," అన్నాడు విజయేందర్ ప్రశాంతంగా. "ఫోన్ చేసుడు నేరమా?"

"కాదు," అంది శాలిని. "మీ కారు డిక్కీలో ఉన్న గడ్డపార మీది కడిగిన మరక కూడా నేరం కాదు. పొద్దున మీరు దుకాణంలో ఉండంగ ల్యాబ్‌వాళ్లు దాన్ని తీసుకుపోయిండ్రు. వాళ్లు చెప్పేదాకా మన స్టేషన్‌లోనే కూర్చుందాం."

అప్పుడు పోయింది నవ్వు. మోసెస్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

పోస్ట్‌మార్టం గది ముందు శవాన్ని అప్పగించేసరికి ఎండ వాలింది. సొంతూరు చిమ్కోడ్ నుంచి చుట్టాలు ఇంకా రాలేదు. కాశీబాయి అరుగుమీద ఒక్కతే కూర్చుంది. శాలిని కాగితాలమీద సంతకం చేస్తూ తలెత్తింది.

ఒక ఆడమనిషి గేటు దగ్గర నిలబడి ఉంది. వచ్చి కాశీబాయికి కొంచెం ఎడంగా కూర్చుంది. జగదేవి.

చేతిలోని నీళ్ల సీసా ఇద్దరి మధ్యా పెట్టింది.

"నేను తిట్టకపోతే బతుకుతుండె, అక్కా," అంది జగదేవి.

కాశీబాయి ఆమె వైపు తిరగలేదు.

"బతుకుతుండె," అంది. కొంగు సర్దుకుని అడిగింది. "నీ మొగడు లేచి కూసుంటుండా?"

"ఇంకా లేదక్కా."

కాశీబాయి పక్కకు జరిగి చోటిచ్చింది.