అంచు తిప్పిన చెయ్యి

కోర్టు తమ కేసును విచారణకు తీసుకుందని లాయరు ఫోను చేసేసరికి శ్రీవాసవి బట్టల కొట్లోనే చిన్నపిల్లలా గెంతింది. మైదుకూరు చుట్టుపక్కల చిన్న వ్యాపారులు చాలామంది నవకవచ బీమా కంపెనీ షేర్లు కొని మునిగారు. వరదలో మగ్గాలు పోయిన నేతగాళ్లకు కంపెనీ పరిహారం ఎగ్గొట్టింది. వాళ్లు దావాలు వేస్తే, ఆ సంగతి వార్షిక నివేదికలో దాచిపెట్టి షేర్లు అమ్ముకుంది. అదీ వ్యాపారుల ఫిర్యాదు. అందరినీ కూడగట్టింది శ్రీవాసవి. కేసులో మొదటి పేరు ఆమె తండ్రి వీరభద్రయ్యది.

"ఇంకో మాటుంది" అన్నాడు లాయరు. "కంపెనీ కోర్టులో ఒక వీడియో పెట్టింది. వరద తర్వాత కూడా నేతగాడు హనుమన్న మగ్గం ఆడుతోందట అందులో. అది నిలబడితే నేతగాళ్ల దావాలు దొంగవని తేలుతుంది. దొంగ దావాలను నివేదికలో ఎందుకు చూపలేదని కంపెనీని మనం అడగలేం. వాయిదా ఎల్లుండే."

మరుసటి ఉదయమే కర్నూలు నుంచి, శ్రీవాసవి పిలిపించిన ప్రైవేటు డిటెక్టివ్ పద్మశ్రీ దిగింది. వెంట సహాయకుడు సాయిప్రసాద్. అతనికి ఈ మధ్యనే పెళ్లయింది. భార్య కట్టిచ్చిన ఉగ్గాని డబ్బాను దారి పొడవునా ఒళ్లోనే పెట్టుకుని, ఎండిన చేలను చూసి కూడా మురిసిపోయాడు.

వీరభద్రయ్య మాత్రం కూతురి మీద విసుక్కున్నాడు. "డిటెక్టివులెందుకు తల్లీ? లాయరు చూసుకుంటాడు గదా!" అంతలోనే సాయిప్రసాద్ చొక్కా అంచు పట్టుకుని, లోపలి వైపుకు తిప్పి బొటనవేలితో రుద్దాడు.

"పెండ్లి చొక్కానా? మరమగ్గం గుడ్డప్పా ఇది. నిన్నెవరో బాగా ముంచినారు."

"ముంచింది మా మామగారేనండీ" అన్నాడు సాయిప్రసాద్ సంతోషంగా.

అక్కడి నుంచి ఇద్దరూ నేతగాడు హనుమన్న ఇంటికి వెళ్లారు. పద్మశ్రీ తన ఫోనులో వీడియో చూపించింది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని హనుమన్న నేస్తున్నాడు. పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. పక్కనుంచి, వీడియో తీస్తున్నవాళ్లదే కాబోలు, ఒక చెయ్యి వచ్చి, నేసిన గుడ్డ అంచును ఎత్తి, వెనక్కి తిప్పి, బొటనవేలితో రుద్ది తప్పుకుంది. అంతే.

"మగ్గం మాదే, మనిషిని నేనే. కాదని ఎట్లంటా?" అన్నాడు హనుమన్న అయోమయంగా.

"వరదకు గుంత నిండా నీళ్లమ్మా" అంది అతని భార్య తిమ్మమ్మ. "పోగులన్నీ కుళ్లిపాయ. శానా దినాలు మగ్గం మాటే ల్యా."

"అంతకుముందు ఎవరైనా వీడియో తీశారా?"

"తీసింటారు. వచ్చినోళ్లందరి చేతుల్లో ఫోన్లే. మేము తల ఎత్తితే గదా సూసేదానికి! పొద్దుగూకులూ గుంతలోనే. నెలకు ఒక్క అమావాస్య పూటే నడుము వాల్చేది. ఆ పొద్దు మాత్రం గుంతలో కాలు పెట్టం."

సాయంత్రం పద్మశ్రీ హనుమన్న, తిమ్మమ్మలతో సహా అందరినీ వీరభద్రయ్య కొట్లో కూర్చోబెట్టింది. కంపెనీ సర్వేయరు అరుణ్ కుమార్ కూడా కడప నుంచి వచ్చాడు. రాకపోతే భయపడ్డాడనుకుంటారని కాబోలు, గట్టిగానే మాట్లాడాడు.

"ఆ వీడియో నేనే తీశాను మేడమ్. వరద తగ్గాక."

"ఏ రోజో గుర్తుందా?"

"ఎందుకు లేదు? అమావాస్య. తిరిగి వెళ్లేటప్పుడు రోడ్డు దాకా ఫోను వెలుగులోనే నడిచాను."

"అమావాస్య నాడు మగ్గమా!" తిమ్మమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అదేనమ్మా" అంది పద్మశ్రీ. "ఆ ఇంట్లో అమావాస్య నాడు గుంతలో కాలు పెట్టరు. అంటే ఈయన చెప్పిన రోజు అబద్ధం. వరద తర్వాత చాలా రోజులు అసలు మగ్గమే ఆడలేదు. కాబట్టి వీడియో వరదకు ముందుది. మరి తీసిందెవరు? ఈ చెయ్యి చూడండి. సర్వేయరుకు కావలసింది మగ్గం ఆడుతోందా లేదా అన్నదే. గుడ్డ వెనకవైపు తిప్పి రుద్ది చూసేది చీర కొనేవాడు. పొద్దున ఇదే చెయ్యి మా సాయిప్రసాద్ చొక్కా అంచు తిప్పింది."

సాయిప్రసాద్ తన చొక్కా వంక చూసుకున్నాడు. తర్వాత ఆరాధనగా పద్మశ్రీ వంక చూశాడు. శ్రీవాసవి మాత్రం తండ్రి చేతినే చూస్తోంది. ఆయన దాన్ని పంచె కుచ్చెళ్ల కిందికి లాక్కున్నాడు.

"నేనే తీసినా తల్లీ, కొట్టు స్టేటస్‌లో పెట్టుకునేదానికి. వరదైనాక ఈ అరుణ్ కుమార్ వచ్చి, పరిహారాలన్నీ ఇస్తే షేరు పడిపోతాది, పాత వీడియో ఏమన్నా ఉండాదా అన్నాడు. మన ఇంటి సొమ్మంతా ఆ షేర్లలోనే ఉండె. ఇచ్చేసినా. హనుమన్న ఒక్కడిదే పోతాది అనుకున్యా. దాన్నే చూపించి, మగ్గాలన్నీ బాగానే ఉండాయని అందరివీ కొట్టేసినారు. ఆ దావాలు బయటపడి షేరు ఎట్లాగూ పడిపాయ. అప్పట్నుంచి అన్నం సయించడంల్యా."

"దాచిపెట్టినారని కంపెనీ మీద కేసు వేసినావు నాయనా!" అంది శ్రీవాసవి.

హనుమన్న వీరభద్రయ్య వైపు తిరిగాడు. "గుంతలో నీళ్లు నాతో పాటు నువ్వూ తోడినావు గదప్పా శెట్టీ."



"నాకు పైవాళ్లు చెప్పారు, చేశాను" అన్నాడు అరుణ్ కుమార్ లేవబోతూ. సాయిప్రసాద్ వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"మా కేసు పోయినట్టేనా మేడమ్?" అంది శ్రీవాసవి.

"లేదు. వీడియో అబద్ధమని కంపెనీకి ముందే తెలుసని చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఉన్నాడు. ఆ మాట కోర్టులో మీ నాన్నగారి నోటే రావాలి. వస్తే నేతగాళ్లకూ, మిగతా వ్యాపారులకూ దారి ఉంది. ఆయనకు మాత్రం లేదు."

వీరభద్రయ్య లేచి హనుమన్న ముందుకు వచ్చాడు. చేతులు జోడించబోయి, ధైర్యం చాలక దించేశాడు.

"రేపు తొలి బస్సుకు కర్నూలు కోర్టుకు పోతా. అంతా నేనే చెప్తా. నువ్వూ రావాల హనుమన్నా. నీ ముందర చెప్పాల."

హనుమన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"వస్తాం, నేనూ తిమ్మమ్మా. పొద్దున్నే బస్టాండు కాడ ఉంటాం. బస్సులో నీ పక్కన మాత్రం కూర్చోం."