రంబొడ మలుపుల్లో ఎక్కినవాళ్ళు

లూకా ముప్ఫై నాలుగేళ్ళు నిజాం రైల్వేలో ఇంజన్ నడిపాడు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, కాజీపేట నుంచి సికింద్రాబాద్. పట్టాలు ఎటు పోతే ఇంజన్ అటే పోతుంది, డ్రైవర్ ఇష్టం ఏముంటుంది? అందుకే రిటైరైన రోజు మెట్టుగూడలో ఇంటికొచ్చి, మెడలోని పూలదండ తీసి కుర్చీకి తగిలిస్తూ భార్యతో అన్నాడు. "సలోమీ, ఒక్కసారన్న నాకు మనసైన దిక్కు బండి తిప్పాలె."

సలోమి తమ్ముడు రిచర్డ్ సిలోన్‌లో ఉంటాడు. నువర ఎలియ దగ్గర తేయాకు ఫ్యాక్టరీలో మెకానిక్. నా పాత కారు ఇస్తా, దేశమంతా తిరుగుదువు గాని రా బావా అని ఎన్నాళ్ళుగానో ఉత్తరాలు రాస్తున్నాడు. లూకా రెండు నెలలు పరేడ్ మైదానం చుట్టూ తిరిగి కారు నేర్చుకున్నాడు. 1951 ఫిబ్రవరిలో మొగుడూ పెళ్ళాలిద్దరూ మద్రాసు మీదుగా ధనుష్కోటి చేరి, ఓడలో సముద్రం దాటి, అక్కణ్ణుంచి రైల్లో వెళ్ళి కొలంబోలో దిగారు. రిచర్డ్ స్టేషన్‌కే కారు తెచ్చి, తాళంచెవి బావ చేతిలో పెట్టి, తను రైలెక్కి వెళ్ళిపోయాడు.

మొదటి వారం పండగలా గడిచింది. ఒకపక్క సముద్రం, ఒకపక్క కొబ్బరితోటలు. లూకాకి ఏ సందు నచ్చితే ఆ సందులోకి తిప్పేవాడు. దారి తప్పితే ఇద్దరూ పకపకా నవ్వుకునేవాళ్ళు. సలోమికి యాభై రెండేళ్ళు. కడుపు పండలేదు. ఇన్నేళ్ళూ మొగుడు డ్యూటీకి పోతే ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటూ గడిపిన మనిషి, ఇప్పుడు కిటికీలోంచి చేయి బయటపెట్టి గాలిని పట్టుకుంటూ కూర్చుంది.

ఎనిమిదో రోజు భోజనాలు చేసి కాండీలో బయలుదేరారు. సాయంత్రానికి రిచర్డ్ ఇల్లు చేరాలి. రంబొడ అనే ఊరు దాటాక రోడ్డు పాములా మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. ఎడమపక్క లోయ. కుడిపక్క తేయాకు చెట్లు, దువ్వెనతో దువ్వినట్టు వరసలు వరసలుగా. ఎక్కడినుంచో జలపాతం హోరు.

మూడు గంటలకి పొగమంచు దిగింది.

ముందు తోటలు పోయాయి. తర్వాత లోయ పోయింది. చివరికి నాలుగు గజాల రోడ్డు మిగిలింది. జలపాతం హోరు కూడా ఎవరో తలుపు మూసినట్టు ఆగిపోయింది. తడి ఆకు వాసన వస్తోంది. దాని వెంట ఇంకో వాసన... బొగ్గు పొగ.

ఆ కొండమీద ఆ దారిన రైలు లేదు.

"ఎవరో నిలబడ్డరయ్యా," అంది సలోమి.

మలుపులో ఒక ఆడమనిషి. మంచులో మొహం ఆనడం లేదు. ఎర్ర ఓణీ ఒకటి చేత్తో పైకెత్తి ఊపుతోంది.

"జెర ఆపు. పాపం, ఆపుమంటుంది."

లూకా ఆపలేదు. కాలు తనంతట తనే యాక్సిలరేటర్ తొక్కింది.

"ఏందయ్యా గిట్ల చేస్తవ్?"

ఆ ఓణీని లూకా ఇంతకుముందొకసారి చూశాడు.

నలభై ఎనిమిది సెప్టెంబర్. పోలీసు చర్య రోజులు. ఊళ్ళు తగలబడుతున్నాయి. ఎవరిని ఎవరు చంపుతున్నారో తెలియదు. లూకా గూడ్సు బండి తోలుకుని సికింద్రాబాద్ వస్తున్నాడు. స్టేషన్లలో తప్ప ఎక్కడా ఆపొద్దని చెప్పారు. ఒక ఎత్తు దగ్గర బండి నెమ్మదించింది. పట్టాల పక్కన ఐదుగురు ఆడవాళ్ళు. ఒకామె ఎర్ర ఓణీ ఊపుతూ ఇంజన్ వెంట పరుగెత్తింది. చంకలో నెలల పిల్ల. "మమ్మల్ని వద్దు భయ్యా, దీన్నన్న తీస్కపో! సీతాఫల్‌మండిల మా అక్క ఉంది, షహర్ బానో!" అంటూ పిల్లను రెండు చేతులతో పైకెత్తింది. చేయి చాపితే అందేది. ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్, పర్వతాలు అనే అతను, వంగి చేతులు చాపాడు కూడా.

లూకా రెగ్యులేటర్ లాగాడు. బండి వేగం అందుకుంది. పర్వతాలు చేతులు ఖాళీగా ఉండిపోయాయి.

ఆ సంగతి లూకా భార్యకి చెప్పలేదు. సీతాఫల్‌మండి మెట్టుగూడకి కూతవేటు దూరం. ఒక్కనాడూ అటు పోయి అడగలేదు.

రెండో మలుపు. మళ్ళీ ఆమె. ఇంకా దగ్గరగా. పక్కన మరొకామె.

లూకా కళ్ళు రోడ్డుమీదే పెట్టుకుని దాటేశాడు. దాటగానే కారు బరువెక్కింది.

ఇంజన్ డ్రైవర్‌కి బరువు తెలుస్తుంది. వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు. ఇంజన్ ఊపిరి వింటే చాలు. వెనక ఒక మనిషి కూర్చుంది. మూడో మలుపు దగ్గర సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఇద్దరు. నాలుగో మలుపు... ముగ్గురు. అద్దంలో చూశాడు. వెనక సీటు ఖాళీ. కాని ఆ సీటు మధ్యలో గుంటలు పడి ఉంది.

"సలోమీ... ఎన్కకు చూడకు."



ఐదో మలుపులో మరో ఇద్దరి బరువు పడింది. కారు ఆగిపోయింది. ఇంజన్ రొప్పి రొప్పి చచ్చిపోయింది. బ్రేకు తొక్కాడు. కారు మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. హ్యాండ్‌బ్రేక్ లాగాడు. జారుతూనే ఉంది. వెనక చక్రం కింద గులకరాళ్ళు లోయలోకి రాలుతున్నాయి. రాలిన రాయి కింద పడిన చప్పుడు... రావడం లేదు.

మెడ వెనక వెచ్చని ఊపిరి. ఒకరిది కాదు.

"భయ్యా..." అంది ఒక గొంతు, చెవి పక్కనే. "దీన్నన్న..."

"తీస్కపోత," అన్నాడు లూకా. "తీస్కపోతనమ్మా... సీతాఫల్‌మండిల దింపుత. దేవుని తోడు."

కారు ఆగింది.

ఐదుగురి బరువూ ఒక్కసారిగా దిగిపోయింది. తలుపు తెరుచుకోలేదు. స్ప్రింగులు మాత్రం పైకి లేచాయి. తాళంచెవి తిప్పాడు. ఇంజన్ అందుకుంది. అప్పుడు భార్యవైపు చూశాడు.

సలోమి ఎదురుగా రోడ్డు చూస్తోంది. రెండు చేతులూ ఒళ్ళో మడిచి, మోచేతిని కొంచెం ఎత్తి పట్టుకుంది.

"మెల్లగ పోనియ్యి," అని గుసగుసగా అంది. "బిడ్డ ఇప్పుడే నిద్రవోయింది."

రిచర్డ్ ఇంటి ముందు కారు ఆగేసరికి ఎండ కాస్తోంది. పొగమంచా, ఇవాళ ఇటు మంచే దిగలేదు కదా బావా అన్నాడు రిచర్డ్. సలోమి మామూలుగానే దిగింది, తమ్ముణ్ణి కావలించుకుంది, టీ తాగింది. దారి సంగతి అడిగితే నిద్రపోయానంది.

మర్నాడే లూకా తిరుగు ప్రయాణం కట్టించాడు. సికింద్రాబాద్‌లో దిగిన రోజే సీతాఫల్‌మండి సందులన్నీ తిరిగాడు. షహర్ బానో ఇల్లు దొరికింది. తాళం తుప్పు పట్టి ఉంది. ఇమామ్ అనే పక్కింటి ముసలాయన చెప్పాడు. "చెల్లెలు వస్తదని ఏడాది ఎదురుచూసింది సాబ్. గదే పరేషాన్ల పానం ఇడిసింది. ఇంకెవ్వరు లేరు."

ఇమామ్ తలుపు వేసుకున్నాక కూడా లూకా ఆ సందులో చాలాసేపు నిలబడ్డాడు. మాట ఇచ్చి వచ్చాడు. దింపడానికి చోటు లేదు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. ఐదు కాగానే సలోమి చేతిలో పని వదిలేసి, లోపలి గదిలో గోడవైపు తిరిగి కూర్చుంటుంది. లేచి వచ్చేసరికి రవిక ముందు తడిసి ఉంటుంది. పాల వాసన. ఆసుపత్రిలో చూపిస్తే, ఈ వయసులో అట్లా కాదే అని డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. సలోమి మాత్రం ఏ తక్లీఫూ లేదంటుంది. ఎన్నడూ లేనంత నిండుగా ఉంది మొహం.

లూకా గుమ్మం ఇవతలే నిలబడతాడు. లోపలికి పోయే ధైర్యం లేదు, అక్కణ్ణుంచి కదిలే ధైర్యమూ లేదు. చిన్న చిన్న గుటకల చప్పుడు వింటూ ఉంటాడు.

నిన్న గుటకలు మధ్యలో ఆగాయి. సలోమి ఉలిక్కిపడినట్టు భుజాలు కదిలించి, ముద్దుగా, గుసగుసగా అంది.

"అబ్బా... కొరకకు బిడ్డా. అప్పుడే పండ్లొచ్చినయా నీకు?"